కంపౌండు మూలదాకా వైఫై

చౌటుప్పల్ దాటాక కొత్త ప్లాట్లలో ఒక ఇల్లు. ఇంట్లో ఉన్న వైఫైని వాకిలిదాకా అందించడానికి వచ్చిన సునీల్ నిచ్చెన మీద ఉన్నాడు. ఇంటాయన విజేందర్ కింద నిచ్చెన పట్టుకున్నాడు.

"గట్ల కాదన్నా, ఒక్క డబ్బాలకెళ్లే రెండు వైఫైలు వస్తయి. ఇంటిదొకటి, గెస్టుదొకటి. అంటే చుట్టాలది. గీ గోడకొక డబ్బా, గేటు కాడ ఒక డబ్బా కొడ్తే వాకిలంత అందుతది. పాపను తొట్టెల ఏసేనాడు టెంటు కింద ఎంతమంది కూసున్నా ఫికర్ లేదు."

"ఊఁ."

"చుట్టాల దాంట్ల ఉన్నోళ్లకు నెట్టొక్కటే వస్తది. మీ టీవీ కనవడది, కెమెరాలు కనవడయి. పాస్‌వర్డ్ ఏం పెట్టాలె? పాప పేరు పెడ్దమా? అనుకున్నరా పేరు?"

"ఏదో ఒకటి పెట్టు సునీల్."

"ఏదో ఒకటేంది! పోయిన ఐతారం పాప పుట్టిందని ఫోన్ జేసినప్పుడు భూమ్మీద నిలువలే నువ్వు. తొట్టెలకు మా అత్తగారి ఊరంత దిగుతది, వాకిట్ల గూడ నెట్టు రావాలె అన్నవ్. ఇప్పుడేమో మూతి ముడుచుకున్నవ్. ఏందన్నా, ఆడపిల్ల అనా?"

"అనకు. గా మాట అనకు."

"సరదాకు అన్న తియ్. వదిన ఎప్పుడొస్తది నల్గొండ దవాఖానకెళ్లి?"

"రేపు. సునీల్... స్వరూప ఫోను చుట్టాల దాంట్ల వెయ్యి."

"ఏందీ? ఇంటామెనా?"

"ఆఁ. ఇంటామెనే."

"ఇంటి మనిషిని తీస్కపోయి చుట్టాలల్ల కలుపుడేందన్నా? నవ్వుతరు."

"నవ్వనీ. దాంట్ల ఉంటే కెమెరాలు కనవడయన్నవ్ గద. గంతే."

"ఓహో! వదినకు తెల్వకుండ వాకిట్ల ఏం యవ్వారం నడుస్తాంది? ఎవలొచ్చి పోతున్నరు? చెప్పు చెప్పు, నేనెవ్వలకు చెప్ప."

"దిగు. జర కిందికి దిగు."

"కోపమొచ్చిందా? పరాచికానికి అన్నన్నా..."

"దిగు. అగో, ఆ మూలకు చూడు. కెమెరాకు ఎదురుంగ."

"ఏముంది? మట్టి తోడినట్టుంది. చెట్టు పెట్టిండ్రా?"

"పాప."

"అన్నా..."

"పానం బాగలేదని పట్నం తీస్కపోయినం. మొన్న పొద్దుగాల ఆడనే పోయింది, పిల్లల దవాఖానల. మా బాపు, నేను తెచ్చి ఈడ పెట్టినం. స్వరూపకు చెప్పలే. బీపీ ఇంక దిగలే, ఫిట్స్ వస్తయని డాక్టరమ్మ భయపెట్టింది. పాప అద్దాల పెట్టెల ఉందని చెప్తున్న. పాలు తాగుతాందని చెప్తున్న. రోజూ అబద్ధమాడుతున్న సునీల్. నా నోరు పడిపోను."

"అయ్యో... నేనేం కూసిన్నో. తప్పైందన్నా, తప్పైంది."

"నీకేం తెల్సు? రేపు ఇంటికొచ్చినంక నిమ్మలంగ నేనే చెప్త. అప్పటిదాంక ఆమె ఫోన్ల ఆ మూల కనవడొద్దు. మంచం మీద పండుకొని ఊకె వాకిలి చూస్కుంట ఉంటది, అలవాటు. అందుకే చుట్టాలల్ల వెయ్యమన్న."

"అన్నా, అది కాదు..."

"మళ్ల ఏంది?"

"చుట్టాల దాంట్ల కనవడదంటే, గా వైఫై లోపట్ల సంగతి. వదిన ఫోన్ల కెమెరా యాపుంది గద. నువ్వు కంపెనీల నైటు డ్యూటీకి పోతవని నేనే ఎక్కిచ్చిన."

"ఉంటే?"

"యాపుంటే ఏ నెట్టు మీదనైనా కనవడ్తది. ఏడున్నా కనవడ్తది."

"దవాఖానల గూడనా?"

"దవాఖానల గూడ."

"లేదు లేదు. చూసుండది. చూస్తే నన్నడగదా? నిన్న గూడ అడిగింది, పాప పాలు తాగిందా అని. తాగిందన్న. మంచిగ తాగిందా అన్నది. మంచిగ తాగిందన్న. చూస్తే గట్లెందుకు అడుగుతది? చెప్పు, ఎందుకు అడుగుతది? తీసెయ్యి. ఇప్పుడే తీసెయ్యి గా యాపు."

"తీస్త, తీస్త. నీ ఫోనిటియ్యి, దాంట్లకెళ్లే వదినది బంద్ చేస్త... ఆగన్నా. కెమెరా మీద నీలం లైటు చూడు. ఎవలో అటుకెళ్లి మాట్లాడే బటను ఒత్తిండ్రు."

"ఎవలు?"

"తియ్యకు."

"అన్నా, కెమెరాలకెళ్లి... వదిన!"

"స్వరూపా?"

"నేనే. తియ్యకయ్యా. నువ్వు, మామ గడ్డపార పట్టినకాడికెళ్లి చూస్తనే ఉన్న."

"స్వరూపా, నీ పానం మంచిగ లేదని... ఎట్ల చెప్పాల్నో తెల్వక..."

"ఎరికే. నువ్వు ఏడుస్తవని నేను గూడ అడగలే."

"నా బిడ్డను పట్నం తీస్కపోయి గూడ..."

"ఏడ్వకు. మొదలు జర ముండ్లకంప తెచ్చి ఆడ కప్పు. తెల్లారంగ కుక్కొచ్చి కాళ్లతోని తోడబోయింది. నేనే ఈడికెళ్లి గట్టిగ ఒర్రి ఎల్లగొట్టిన."