కోటలో విప్పిన పరుపు

ఆ సాయంత్రం మా ఇంటి మెట్ల మీద నా కబుర్లు వింటూ కూర్చున్నది బావమరిది, లెక్కల మాస్టారు, దర్జీ ముగ్గురే అయినా, నేను గొంతు పెంచింది వంటింట్లో ఉన్న నాలుగో మనిషి కోసం. నా ఒళ్లో ఉత్తరం ఉంది. పదిహేనేళ్ల కిందట దూది వర్తకుల లాటరీలో నా పేరొచ్చి, మా ఆవిడా నేనూ పరాయి దేశంలో ఒక కోట హోటల్లో పది రోజులు ఉండి వచ్చాం. ఆ హోటలు యజమానురాలే రాసింది: మళ్లీ రండి, ఈసారి మా అతిథులుగా హాయిగా ఉండండి అని. పొద్దున్నే జవాబు పంపాలి. మా ఆవిడ రానంటోంది, కారణం చెప్పదు. ఆవిడ లేకుండా నేను కదలను. అందుకే, వింటే ఆవిడ మనసు మారుతుందేమోనని, భారం పైవాడి మీద వేసి ఆ ప్రయాణం కథ మొదలుపెట్టాను.

"ఆరువందల ఏళ్ల కోట నాయనా! రాతి మెట్లు అడుగులు పడి పడి గిన్నెల్లా గుంటపడ్డాయి. ఎవరి పాదాలో ఏమోనని మీ అక్క ప్రతి మెట్టునీ చేత్తో తాకి మరీ ఎక్కింది. దేవుడి దయవల్ల మాకు రాజుగారి పడగ్గదే ఇచ్చారు."

"మంచం ఎంతుంది బావా?" అన్నాడు బావమరిది.

"మంచమా? ఈ చివర నేను దగ్గితే ఆ చివరున్న మీ అక్కకి మర్నాడు వినిపించింది."

"ధ్వని వేగం ప్రకారం..." అంటూ లెక్కల మాస్టారు వేళ్లు మడవబోయారు.

"చలిదేశం మాస్టారూ, అక్కడ ధ్వని కూడా దుప్పటి కప్పుకుని మెల్లగా నడుస్తుంది. సరే, నలభై ఏళ్లు పరుపులు కుట్టినవాణ్ణి కదా, వీపు ఆనగానే తెలిసింది, లోపల దూది ఉండలు కట్టిందని. దబ్బనం లేకుండా నేను గడప దాటనని మీకు తెలుసుగా. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? దణ్ణం పెట్టుకుని కుట్టు విప్పాను."

"హోటలువాళ్ల పరుపునా!" అన్నాడు దర్జీ.

"ఎదుటివాడి చొక్కాకి గుండీ వేలాడుతుంటే నీ చెయ్యి ఊరుకుంటుందా?"

దర్జీ తన చొక్కా గుండీ తడిమి చూసుకున్నాడు.

"ముందు రాజుగారి మీసాల దువ్వెన బయటికొచ్చింది. తర్వాత కిరీటం. ఆ తర్వాత కత్తి పట్టుకుని ఒక సిపాయి లేచి, యుద్ధం అయిపోయిందా అని అడిగాడు."

"ఏ భాషలో?"

"ఆవలింతల్లో మాస్టారూ. మూడువందల ఏళ్లు పడుకున్నవాడికి ఇంకేం భాష వస్తుంది? సరే, గోడకి వేలాడుతున్న రాజుగారి విల్లు దించి దూది ఏకడం మొదలుపెట్టాను. ఒక్క మీటుకి దూది కిటికీలోంచి లేచి ఆకాశం కమ్మేసింది. నడి ఎండాకాలంలో మంచు పడుతోందని ఊరంతా కోట్లు తొడుక్కుంది, బడికి మూడు రోజులు సెలవిచ్చారు! తిరిగి నింపి కుట్టాక అదెంత మెత్తగా తయారైందంటే, దాని మీద పడుకున్న రాయబారి ఒకాయన దిగిపోయి, దిగిపోయి, కింది అంతస్తులో నిద్రలేచాడు."

"మరి మా అక్క?"

"మీ అక్కా? రాణి! పది రోజులూ వేలికి సూది తగల్లేదు. రాజుగారి పరుపు మీద..."

వంటింటి తలుపు తెరుచుకుంది. మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏవండీ, పరుపు మొదటి రోజే విప్పేశారు కదా. మరి నేను దేని మీద పడుకున్నాను?"

ముందు మాస్టారు నవ్వారు. తర్వాత అందరూ.

"తివాచీ మీద," అన్నాను.

"ఎన్నాళ్లు?"

"తొమ్మిది రోజులు."

"కుట్టిందెవరు?"

ఆవిడే. రాతి కిటికీ పక్కన కూర్చుని, చేతుల మీద ఎండ పడుతుంటే, ఏదో కూనిరాగం తీస్తూ కుట్టింది. నా జన్మలో అంత సుఖంగా గడిచిన రోజులు లేవు. ఆవిడకెలా గడిచాయో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"కోట వెనక చెరువులో హంసలున్నాయని ఆ యజమానురాలు రోజూ సైగలు చేసి చెప్పేది," అంది. "చూద్దాం పద అని ఒక్కసారైనా అన్నారా? మళ్లీ వెళ్తే మళ్లీ ఏదో ఒకటి విప్పుతారు. నా వల్ల కాదు."

నవ్వులు ఆగిపోయాయి. నేను లోపలికెళ్లి, ఎప్పుడో సర్దిపెట్టుకున్న సంచి అడుగునుంచి దబ్బనం తీసుకొచ్చి దర్జీ చేతిలో పెట్టాను. "మేం తిరిగొచ్చేదాకా నీ దగ్గరుంచు తమ్ముడూ."

"రెండోది?" అంది మా ఆవిడ.

కాలరు మడతలోంచి తీసి అదీ ఇచ్చేశాను.

ఆవిడ వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. "ఇంతకీ ఆ హంసలు ఎలా ఉంటాయేం?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఒక్కొక్కటీ ఏనుగంత! రెక్క విప్పిందంటే..."

"మీరు చూశారా?"

"లేదు," అన్నాను. "నువ్వు కుడుతుంటే దబ్బనానికి దారం ఎక్కించిందెవరు మరి?"

 ఆవిడ నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని, చిరునామా కోసం వెనక్కి తిప్పి చూసింది.

"కలం ఏదండీ?" అంది.