రీమ్యాచ్ లేని కాగితం

మెదడు స్కానింగ్‌లో ఏ లోపమూ లేదన్నారు. ఆస్పత్రి వరండాలో మాజీ హెవీవెయిట్ ఛాంపియన్ బూట్ల లేసులు కట్టుకుంటుంటే, అతనికి బాక్సింగ్ నేర్పిన అన్నయ్య ఆ వేళ్లనే చూస్తున్నాడు.

"ఒప్పందంలో రీమ్యాచ్ ఉండుంటేనా, ఆరు నెలల్లో బెల్టు మళ్లీ నాదే. ఛాంపియన్ల పట్టికే మారిపోయేది!"

"ఇరవై ఏళ్లుగా ఇదే పాట."

"ఓడితే రెండో పోటీ ఖాయమని ఛాంపియన్లంతా రాయించుకుంటారు. మనమే మర్చిపోయాం."

"మర్చిపోలేదురా. ఆ షరతు నేనే కొట్టేశాను. సంతకాల వారంలో నువ్వు లేసు ముడెయ్యడానికి నాలుగుసార్లు తడబడ్డావు. ఓడితే నువ్వు అక్కడితో ఆగిపోవాలనుకున్నాను."

అన్నయ్య తల దించుకున్నాడు. తమ్ముడు రెండో ముడి బిగించాడు.

"తెలుసు."

"తెలుసా?"

"ఆ కాగితం మీద సంతకం పెట్టింది నేనేగా. చదవకుండా పెట్టాననుకున్నావా? అప్పటికే నాకు ఎదుటివాడు ఇద్దరుగా కనబడేవాడు. ఇక చాలు అనడానికి నాకే నోరు రాలేదు."

"మరి ఇన్నేళ్లూ నన్నెందుకురా కాల్చుకుతిన్నావు?"

"ఓడినవాడికి చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండాలిగా!"

గుండెల మీంచి బండ దిగినట్టై అన్నయ్య నవ్వేశాడు. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"ఆ రీమ్యాచ్ ఆడుంటే, ఇవాళ ఈ లేసులు నువ్వు కట్టాల్సొచ్చేది. పద అన్నయ్యా."