అయిదు పలకలూ తెల్లబడిన రోజు

శనివారం మధ్యాహ్నం స్కీ క్లబ్బులో స్కీలకి మైనం రాసే గదిలో పొయ్యి రాజేసి, కెటిల్లో కాఫీ మరిగించి, పాత ఆటగాళ్ళంతా చేరి పాత పందేల కబుర్లు చెప్పుకోవడం ఆ ఊరి అలవాటు. ఈ ఏడు జనవరిలో కూడా బయట మంచుకి బదులు వానే పడుతోంది. స్కీలు నడిచే దారి బురదైపోయింది. పందేలు లేవు, పిల్లలు లేరు. చేరింది నలుగురే.

ఎవర్ట్ ఉన్నాడు. ఒకప్పుడు కలప లారీలు తోలిన స్తూరె ఉన్నాడు. చక్రాల కుర్చీలో యాల్మర్, పక్కన అతని భార్య గున్‌వోర్. ఆకులు రాలే రోజుల్లో పక్షవాతం వచ్చింది, అప్పట్నుంచి యాల్మర్ నోట ఒక్క మాట లేదు. మాట రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు.

"ఇదే ఆఖరు ఎవర్ట్," అంది గున్‌వోర్, ఆ ఊరి అలవాటు ప్రకారం భర్త కాఫీలో చీజ్ ముక్క వేసి నానబెడుతూ. "వచ్చే వారం నుంచి తీసుకురాను. ఆ మెట్లమీదికి కుర్చీ ఎక్కించలేక నా నడుం పోతోంది. ఇక్కడున్నా ఇంట్లో ఉన్నా ఈయనకి ఒకటే. ఎదురుగా ఎవరున్నారో కూడా తెలియడంలేదు."

ఎవర్ట్ యాల్మర్ వైపు చూశాడు. తన కోతలు వినేవాళ్ళు ఊరినిండా ఉన్నారు గానీ, మధ్యలో అడ్డంపడి నోరు మూయించేవాడు యాల్మర్ ఒక్కడే. కుర్రతనం నుంచీ అంతే, తను కోయడం, వాడు కత్తిరించడం. వాడు కత్తిరించకపోతే ఈ కోతల్లో ఏం మజా? ఇవాళ ఎలాగైనా వాడిచేత ఒక్క మాట అనిపించాలి. తిట్టయినా సరే. అనిపిస్తే గున్‌వోర్ మళ్ళీ తీసుకొస్తుంది.

గొంతు సవరించుకున్నాడు.

"దేశం జట్టుకి ఎంపిక పందెం పెట్టిన ఏడు గుర్తుందా స్తూరె? గొప్పకి చెప్పుకోవడం కాదు గానీ, అప్పుడు నేను కాస్త జోరు మీదున్నాను. కాస్తే. అప్పటిదాకా మనవన్నీ ఉత్త స్కీ పరుగులే కదా, ఆ ఏడే, పరుగు మధ్యలో ఆగి గురి కొట్టే పందేనికని వీపున తుపాకి కట్టాను. ఆ పొద్దున చలి ఎలాంటిదనుకున్నావ్? పొయ్యిలో మంట పైకి లేవడానికి బద్ధకించి కట్టెల మీదే పడుకుంది. అలాంటి చలికి కొట్లో దొరికే మైనం ఏ మూలకి? నేనే కలిపాను. తారు, రేన్‌డీర్ కొవ్వు, మా అమ్మ దాచుకున్న కొవ్వొత్తి ముక్క, ఇంకోటి కూడా ఉంది, అది చెప్పను. స్కీలకి రాసి గోడకి ఆనించి, బూట్లు తొడుక్కుని చూద్దును కదా, స్కీలు లేవు. వాటంతట అవే జారుకున్నాయి. వెంటపడితే చర్చి దగ్గర దొరికాయి."

అక్కడ ఆగాడు. ఎప్పుడూ అక్కడే యాల్మర్ అందుకునేవాడు, మైనం కలిపింది నేను, నువ్వు దుప్పటి ముసుగేసి పడుకున్నావు అని. ఇవాళ రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. యాల్మర్ కళ్ళు కిటికీ వైపే ఉన్నాయి.

ఆ ఖాళీ భరించలేక స్తూరె అన్నాడు. "చర్చికెళ్ళాయా? ప్రార్థన కూడా చేసుకున్నాయేమో."

"చేసుకున్నాయి. నా పాపాలన్నీ కూడా చెప్పేశాయి, పాస్టరుగారు ఆ తర్వాత నాతో మాట్లాడితే ఒట్టు. సరే, పందెం మొదలైంది. పల్లంలో ఎవడైనా జారతాడు, నేను గుట్ట పైకి జారాను. కర్రలు ఊపుతున్నది ఎందుకనుకున్నావ్, ఆపుకోడానికి. ఒక్కొక్కణ్ణీ దాటేశాను, దాటడానికి ఇంక ఎవడూ మిగల్లేదు. అయినా ముందెవడో పోతున్నాడు. ఎవడ్రా వీడు, నాకంటే ముందు అని ఉడుక్కుని దగ్గరికెళ్ళి చూస్తే, ఏముంది, నేనే! అంత వేగంగా చుట్టు తిరిగొచ్చి నా వెనక్కే చేరుకున్నాను. నా వీపు నాకే కనపడుతోంది."

మళ్ళీ ఆగాడు. ఆ వీపు నాదిరా, పందెమంతా నువ్వు చూసింది నా వీపునే అనేవాడు యాల్మర్, ఇక్కడ. గున్‌వోర్ భర్త పెదవి మీద కారిన కాఫీ తుడిచింది. ఎవర్ట్ ఒక గుక్క కాఫీ తాగాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు, గొంతు పెంచి. "గురి చూసే చోటికొచ్చాను. చాప మీద బోర్లా పడుకున్నాను. ఎదురుగా అయిదు నల్ల పలకలు. తగిలితే తెల్లబడుతుంది, తప్పితే తప్పినదానికల్లా శిక్షగా ఇంకో చుట్టు పరుగెత్తాలి. రొప్పుతున్న గుండె గురి నిలవనిస్తుందా? కాసేపు ఆగవే అన్నాను. ఆగింది. తుపాకి పేల్చాను. పేల్చాక చూస్తే మధ్య పలక కొంచెం వంకరగా ఉన్నట్టనిపించింది. లేచి, స్కీల మీద అక్కడిదాకా వెళ్ళి, పలక సరిచేసి, తిరిగొచ్చి పడుకున్నాను. అప్పుడు తగిలింది గుండు."

"దారిలో గుండు పలకరించలేదా?" అన్నాడు స్తూరె. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

కథ ఎప్పుడూ ఇక్కడితో అయిపోయేది. ఆ చాప దాటి ఎవర్ట్ ఇన్నేళ్ళలో ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు. ఆ రోజు తన అయిదు గుళ్ళూ తప్పాయని ఊరికి తెలుసు, చలికి తుపాకి గురిముల్లు వంగిందనీ తెలుసు. యాల్మర్‌కి వేళ్ళు కొంకర్లుపోయి చాప మీదనుంచి లేవలేకపోయాడనీ, అందుకే అతనికీ జట్టులో చోటు పోయిందనీ తెలుసు. అసలు జరిగింది ఈ గదిలో ఇద్దరికే తెలుసు. అటు వెళ్ళాలంటే ఎవర్ట్‌కి భయమే. కానీ గున్‌వోర్ అప్పటికే కోటు బొత్తాలు పెట్టుకుంటోంది.

"ఇంతకీ నా పక్క చాప మీద ఎవరనుకున్నారు? ఈ పెద్దమనిషే. పాపం వేళ్ళు కొంకర్లుపోయాయని అందరూ జాలిపడతారు. వేళ్ళూ లేదు, వంకాయా లేదు. నిద్ర! చాప మీద గుర్రుపెట్టి పడుకున్నాడు. నేనే తట్టి లేపాను. అసలు వీడికి తుపాకి పట్టుకోవడం ఎప్పుడొచ్చింది గనక? చేతకానివాడు. వీడి వల్లే మన ఊరి పరువు పోయింది."

గున్‌వోర్ చెయ్యి బొత్తం దగ్గరే ఆగిపోయింది. "సిగ్గులేదూ నీకు? నోరులేని మనిషిని పట్టుకుని."

"ఉంటే చెప్పమను," అన్నాడు ఎవర్ట్. కప్పు కింద పెట్టేశాడు. "చెప్పరా, నిద్రపోలేదని చెప్పు."

యాల్మర్ తల కిటికీ వైపు నుంచి మెల్లగా తిరిగింది. పెదవి ఒక పక్కకి లాక్కుపోయింది.

"వేళ్ళు," అన్నాడు.

పొయ్యిలో కట్టె వెయ్యబోతున్న స్తూరె అలాగే ఉండిపోయాడు.

"వేళ్ళు... బాగానే ఉన్నాయి. నేను పడుకునేసరికి... అయిదూ తెల్లగా ఉన్నాయి. వీడు... తన పలకలొదిలేసి... నావి కొట్టాడు. గుడ్డివెధవ."

గున్‌వోర్ కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. "మరి వేళ్ళన్నావు? నాతో కూడా అదే చెప్పావు కదయ్యా, పెళ్ళికి ముందునుంచీ."

"చెయ్యెత్తి... జడ్జికి చెప్పా. పలకలు మళ్ళీ... నల్లగా పెట్టేదాకా... ఆగా. ఊళ్ళో వీణ్ణి చూసి... నవ్వుతారని..." ఊపిరి అందక ఆగిపోయాడు.

స్తూరె ఎవర్ట్ వైపు చూశాడు, గున్‌వోర్ కూడా చూసింది. వచ్చేవారానికి ఊరంతా ఇలాగే చూస్తుంది. ఎవర్ట్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కళ్ళనీళ్ళు మాత్రం ఆగడంలేదు, తుడుచుకోనూ లేదు.

"అబద్ధం," అన్నాడు. "వీడివన్నీ కోతలు. గురిముల్లు వంగింది. అంతగా చూసినవాడివైతే చెప్పు, నీ పలకలు నాకు ఏ పక్క?"

"ఎడమ."

"మైనం?"

"నేనే... కలిపా."

గున్‌వోర్ లేచి కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పింది. "స్తూరె, వచ్చే శనివారం కాస్త ముందుగా రా, మెట్ల దగ్గర కుర్చీకి ఓ చెయ్యి వెయ్యాలి," అంది. తర్వాత ఎవర్ట్ కప్పులో కాఫీ పోసింది, అతని మొహం చూడకుండానే.

యాల్మర్ ఇంకా ఏదో కూడదీసుకుంటున్నాడు. ఎవర్ట్ కుర్చీ దగ్గరికి జరిగి వంగాడు.

"వీపు కూడా..." అన్నాడు యాల్మర్, "నాదే."