నా నవ్వు కోసేసిన క్యాసెట్టు

— అమ్మమ్మా, అమ్మ పెళ్ళి క్యాసెట్టు కోసం నువ్వు బందరెళ్ళి గొడవ పెట్టుకున్నావంటగా?

గొడవా? ఎవరు చెప్పారే స్వాతీ, మీ నాన్నా? గొడవ కాదది. న్యాయం అడిగా. ఆ ఫోనులో రికార్డవుతుందా? అవనీ. వినేవాళ్ళు వింటారు.

నువ్వంటే ఇప్పుడు ఫోన్లోనే వీడియోలు కోసి అతికించేస్తున్నావు. అప్పుడివెక్కడియ్యి? వీడియో ఆయన భుజాన పెద్ద కెమెరా ఏసుకొచ్చేవాడు, పక్కనొకడు లైటు పట్టుకునేవాడు. తీసిందంతా బందరు పట్టుకెళ్ళి మిక్సింగ్ చేసేవాళ్ళు. మిక్సింగంటే, అదేనే, మీరు ఎడిటింగ్ అంటారే, అది.

మీ తాతయ్య సముద్రంలో పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది. నేను కోడూరు, అవనిగడ్డ తిరిగి చేపలమ్ముకుని మీ అమ్మని పెంచా. పండుగప్ప అప్పుడెంత చవకని! ఇప్పుడు వాసన చూడ్డానికి కూడా అందట్లా. ఆ... ఏం చెప్తున్నా? పెళ్ళి. బందరు పక్కన గిలకలదిండి సంబంధం. పెత్తనమంతా మీ నాన్న మేనమామది, నువ్వు బోటు తాతయ్యా అంటావే, ఆయనది. మా వాళ్ళలో మొగుడు పోయినదాన్ని పక్కన పెట్టే పట్టింపు అంతగా లేదే. ఆళ్ళకి బోట్లొచ్చినయ్, బోట్లతోపాటు పట్టింపులూ ఒచ్చినయ్.

"పీటల దగ్గరికి రాకు చెల్లెమ్మా, బాగోదు" అన్నాడు. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఎందుకులే అని పందిరి గుంజ పక్కన నిలబడ్డా. కన్యాదానం మా మరిది, తోడికోడలు చేశారు. తలంబ్రాలప్పుడు మీ నాన్న దోసిలితో పోస్తుంటే ఒక గింజ మీ అమ్మ ముక్కు మీద అతుక్కుంది. అది తల పక్కకి తిప్పి, నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వా. తల్లీకూతుళ్ళం నవ్వుకున్నాం, అంతే.

కొన్నాళ్ళకి మీ అమ్మ ఒక్కతే బస్సు దిగింది. మొహం చూస్తే మనిషి మనిషిలా లేదు. సంచిలో క్యాసెట్టు.

"అమ్మా, నేను తలంబ్రాలప్పుడు నవ్వింది నిన్ను చూసే కదే?" అంది.

"నన్ను కాకపోతే ఎవర్ని చూసే?" అన్నా.

పక్కింట్లో క్యాసెట్లేసే డెక్కుంటే అక్కడ ఏయించి చూశాం. మొదలెట్టగానే పువ్వులు తిరుగుతున్నయ్, తాజ్‌మహలు మీద మీ నాన్న తేలుతున్నాడు, సన్నాయి లేదు, మంత్రం లేదు, అంతా సినిమా పాటలే. నేను లేను. ఎంత సేపు చూసినా లేను! అప్పగింతల్లో మీ అమ్మ ఎవరి భుజం మీదో పడి ఏడుస్తుంది, ఆ భుజం నాది. భుజం ఉంది, నేను లేను. పోనీలే అనుకున్నా. కానీ అంతకు ముందొచ్చిన తలంబ్రాలున్నయ్ చూడూ, అసలు సంగతి అక్కడ. మీ అమ్మ పక్కకి చూసి నవ్వింది. ఎంటనే ఎవరొచ్చారో తెలుసా? కుర్చీలో కూర్చున్న కుర్రాడు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఆడూ నవ్వుతా. ఆడెవడో కూడా మీ అమ్మకి తెలియదు!

చూసినోళ్ళకి ఏమనిపిస్తది, నువ్వే చెప్పు. పక్కనే ఉన్నదాన్ని, నాకే అట్టా అనిపించింది. మిగతాదంతా మీ నాన్న వాళ్ళ వీధిలో ఒక్కరూ చూళ్ళేదంట, కునుకు తీశారంట. ఆ ముక్క మాత్రం ఎనక్కి తిప్పి తిప్పి ఏసుకున్నారంట. "పెళ్ళికూతురు ఎవర్ని చూసి మురిసిపోయిందో" అని ఒకటే గుసగుసలు.

"మీ ఆయనేమన్నాడే?" అన్నా.

"ఏమీ అన్లేదమ్మా. అదే భయంగా ఉంది" అంది.

పొద్దున్నే దాన్ని ఎంటబెట్టుకుని చల్లపల్లి మీదుగా బందరెల్లా. కోనేరు సెంటరు ఎనక సందులో స్టూడియో. ప్రసాదని, మెతక మనిషి, రెండు టీవీల మధ్య కూర్చున్నాడు.

"నన్నెందుకు తీసేశావయ్యా?"

"నాదేముందమ్మా. ఆ బోట్ల పెద్దాయన చెప్పారు, శుభమా అని చూసే క్యాసెట్లో మీరు కనపడకూడదని."

"మరి ఆ కళ్ళద్దాలోణ్ణి కూడా ఆయనే పెట్టమన్నాడా?"

"ఖాళీ ఒచ్చింది గదమ్మా. నవ్వే మొహం ఏదుందా అని చూసి అతికించా. ఇట్టా అవుద్దని అనుకోలా."

"నువ్వు కోసింది నన్ను కాదు నాయనా, నా బిడ్డ కాపురాన్ని. మొత్తం తీసిన క్యాసెట్టుందా? ఎయ్యి."

ఏశాడు. కెమెరా ఎక్కడా ఆగకుండా మీ అమ్మ మొహం మీంచి జరిగి జరిగి, గుంజ పక్కన నా మొహం మీదికొచ్చింది. మీ అమ్మ ఆ కుర్చీలోనే కూలబడి ఏడ్చింది.

"ఇది ఇట్టాగే పెట్టు. ఇక్కడ కత్తెర పడకూడదు" అన్నా.

"ఆయన ఊరుకోరమ్మా, మళ్ళీ నాకు పనివ్వరు" అన్నాడు.

"నేనూ ఊరుకోను. క్యాసెట్టు చేతికొచ్చిందాకా నీ గడప దిగను. నా కూతురు పెళ్ళిలో నేనున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించటానికి ఒకరి పర్మిషన్ ఏంటి?"

చివరికి మళ్ళీ టీవీల ముందుకి జరిగాడు. ఆయనే తాజ్‌మహలు పీకేశాడు, పువ్వులు పీకేశాడు. పాట తీసేస్తే కింద అసలు చప్పుడుంది చూడూ, సన్నాయి, పిల్లల ఏడుపు, అప్పగింతల్లో "అమ్మా" అని మీ అమ్మ అరిచిన అరుపు... ఆయనే కళ్ళు తుడుచుకున్నాడు. మూడు గంటల క్యాసెట్టు గంటకొచ్చింది.

అట్టే గిలకలదిండి ఎల్లా. ఆ ఆదివారం వీధి వీధంతా పిలిచా. టీవీ వాకిట్లో పెట్టించా. బోటు తాతయ్య కూడా ఒచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. నేను తెరలో కనపడగానే, "ఇదేంటి, ఎవరు మార్చమన్నారు?" అన్నాడు.

"నేనే అన్నయ్యా. చూడండి" అన్నా, అందరి ముందూ.

ఈసారి ఒక్కళ్ళు లేవలేదే! తలంబ్రాలొచ్చినయ్. గింజ ముక్కు మీద పడింది, అది నవ్వింది, ఎంటనే నేను. వీధంతా గొల్లున నవ్వారు. మీ నాన్న అందరికంటే గట్టిగా, "ఓర్నీ, ఆ గింజకా!" అన్నాడు. అని లేచొచ్చి, "అత్తయ్యా, ఎనకెందుకు, ఇట్టా రా" అని తన కుర్చీ నాకిచ్చాడు.

బోటు తాతయ్య కండువా దులుపుకుని ఎల్లిపోయాడు. ఎల్లనీ. అయిపోయాక మీ నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నా పెళ్ళిలో మా అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదొదినా. మా నాన్న పోయాడుగా. నా పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ లేదు మా అమ్మ" అంది. అని, "ఇంకోసారి ఎయ్యమను" అంది.

మళ్ళీ ఏశారు. ఆవిడ పక్కన కూర్చునే చూశా.

ఆ తర్వాత మా మరిది కూతురి పెళ్ళయింది. పిలవకుండానే పీటల పక్కకెల్లి కూర్చున్నా. ఎవరో గొణిగారు. వినపడనట్టు అక్షింతలేశా.

నువ్వు నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి తల్లీ. నీ పెళ్ళికీ నేనే ముందుంటా చూడు, ఓపికున్నా లేకపోయినా. నిన్నెవరన్నా పక్కకి జరగమన్నారనుకో, ఎందుకని అడుగు. ఊరికే జరక్కు. ఆ... మీ అమ్మ పిలుస్తున్నట్టుంది, చూడవే...