నలభై సంచుల ఆకు

(సౌదీలో, బురైదా పక్కన ఒక చీనీతోట, అంటే బత్తాయి తోట. తోటపని చేసే గురవయ్య, ఆకుల పరీక్ష చేసే ల్యాబు నుంచి వచ్చిన ఫక్రుద్దీన్.)

"నలభై చెట్ల ఆకు పంపిస్తే ముప్పై ఒక్క చెట్లకు వైరస్ అని వచ్చింది! ఏం కోసినావు గురవన్నా, ఏం కోసినావు?"

"ఆకులే సార్. చీనీ ఆకులే."

"పరాచికాలా? వరసలో ప్రతి పదో చెట్టుకు, నాలుగు దిక్కులా నాలుగాకులు అని చెప్పినానా లేదా?"

"చెప్పినారు."

"బాగుండేదైనా, బాగలేనిదైనా పదో చెట్టే అని చెప్పినానా లేదా?"

"చెప్పినారు సార్. కార్లో ఏసీ ఏసుకోని, అద్దం ఇంత దించి చెప్పినారు."

"నా సంగతి వదిలెయ్."

"ఎట్ల వదిలేది? దిగి నా ఎంబడి నడిచింటే..."

"నలభై ఎనిమిది డిగ్రీల ఎండ!"

"నాకు మాత్రం వెన్నెలా?"

"అరవొద్దు! ఆ నలభై చెట్లను చూసే కదా నాలుగు వందల చెట్ల జాతకం రాసేది. అన్నం ఉడికిందా అని మెతుకు పట్టి చూస్తాం. నువ్వు మాడిన మెతుకులే ఏరి చేతిలో పెడితే ఎట్ల? రేపు పొద్దున జేసీబీ వస్తాది. తోటంతా పీకించమన్నాడు నీ కఫీల్, ఈ తోట యజమాని."

"తోటంతానా? నా చేత్తో అంటు కట్టినవి సార్! పదకొండేండ్లు..."

"కట్టినోనికి బుద్ధుండొద్దా? తోట పోతే ఈ దేశంలో ఉండేదానికి నీ ఇఖామా కాయితం ఎవరు రెన్యూ చేస్తారు? ల్యాబులో నా మొగం యాడ పెట్టుకునేది?"

"మళ్లీ కోద్దాం సార్. ఇప్పుడే కోద్దాం."

"దానికే వచ్చింది నేను. అయితే మొదట కోసింది తప్పని ముదీర్‌కు, మా ల్యాబు మేనేజరుకు, రాసియ్యల్ల. పసుపెక్కిన చెట్లే ఏరి కోసినా అని ఒక్క మాట చెప్పు. రిపోర్టు ఆపిస్తా. తోట నిలబడతాది."

"నీళ్లు తాగుతారా సార్?"

"నీళ్లొద్దు, మాట కావల్ల! ఏరినావా లేదా?"

"కోపం చేసుకోవద్దు."

"ఏరినావా లేదా?"

"ఏరినా."

"యా అల్లా! అదే, అదే చెప్పమంటున్నా. ఇంతసేపు చంపితివి కదయ్యా! జబ్బు చెట్లే ఏరినావు, అంతే కదా?"

"జబ్బువి కాదు సార్. రిపోర్టు బాగా రావల్లని, కఫీల్ తిట్టకూడదని... ఒక్క పసుపాకు కూడా లేని చెట్లు, తోటంతా తిరిగి తిరిగి, నిగనిగలాడేవే నలభై ఏరి కోసినా."