జలపాతం దగ్గర ఫోటో

పెళ్లయి, మరునాడు ధర్మవరంలోని అత్తవారింటికి పోనున్న సవతి కూతురి పక్కన కూర్చుని, పెనుకొండ ఇంట్లో సవతి తల్లి పాత ఫోటోల కవరు విప్పింది.

“ఈమే మీ అమ్మ పాపా. అన్నీ జలపాతం కాడ తీసిండేవే. చంకలో ఉండేది నువ్వే.”

“ఇన్నాళ్లూ ఇవి యాడుండాయి చిన్నమ్మా?”

“చూసినప్పుడల్లా మీ నాయన అన్నం ముట్టకుండా పండుకునేవాడు. అందుకే తీసి దాచినా. ఇంక నీవే, తీసుకోనిపో.”

కూతురు ఒక్కొక్కటే చూస్తుంటే, ఈ పిల్ల ఇక తనకు దక్కదేమోనని ఆమెకు దిగులేసింది.

“అన్నిట్లోనూ అమ్మే ఉండాది. నువ్వు ఒక్కదాంట్లో కూడా లేవే?”

“నేనొచ్చినాక మీ నాయన ఆ జలపాతం తట్టు పోనేలేదు. నేనూ అడగలేదు.”

“ఈ పొద్దే మనిద్దరం పోదాం.”

“ఆడ ఇప్పుడు నీళ్లు యాడుండాయి పాపా? జనాలు పోవడం కూడా మానుకున్నారు. ఉట్టి బండలే.”

“బండల మీదనే కూచుందాం. అమ్మ ఫోటో పక్కన నాకు మన ఫోటో కావల్ల.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని లేచి, బీరువా తలుపు తీసింది.

“అట్లయితే ఏ చీర కట్టుకోమంటావు?”