పెద్దిరాజు గీసిన రోడ్డు

విజయవాడ నుంచి రైల్లో వచ్చిన ముగ్గుపిండి బస్తా, ఢిల్లీ స్టేషన్ నుంచి ఊరి శివారు వైశాలి చేరేసరికి రెండు గుప్పెళ్ళయింది. ఉగాది ముగ్గుల పోటీ నాలుగింటికి. ఇక్కడి సున్నం పొడితో సన్నగీత పడదని తెలుగు సంఘం పట్టుబట్టి తెప్పించిన పిండి అది. తేవడానికి స్కూటర్ మీద వెళ్ళిన పెద్దిరాజు మాత్రం పోటీ జరిగే హాలు ఎదుట టీ కొట్టు బల్ల మీద దర్జాగా కూర్చున్నాడు. కోటయ్యకి ఒళ్ళు మండుతోంది. ఆయన భార్య లక్ష్మీకుమారి నెల్లాళ్ళుగా వంటింటి గచ్చు మీద సాధన చేసింది ఈ పోటీకే.

"పిండేదండీ?"

"దేశానికి ఉపయోగపడింది కోటయ్యా. నోయిడా నుంచి గ్రేటర్ నోయిడాకి ఎక్స్‌ప్రెస్ రోడ్డు వేస్తామంటున్నారుగా, చూసొద్దామని అటు తిప్పానా, మేకు తగిలి బస్తాకి చిల్లు పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రోడ్డు ఎటు పోవాలో తేలక ఆర్నెల్లుగా కొట్టుకుంటున్న ఇంజనీర్లు నా వెనక పడ్డ తెల్లగీత చూసి, ఇదే రోడ్డన్నారు. తిరిగి చూద్దును కదా, బుల్డోజర్లు."

"ఇవాళేనా?"

"ఇవాళే. అక్కడ టీ తాగి వెనక్కి తిరిగేసరికి ఆరు వరసల రోడ్డు. ఒకచోట గేదె అడ్డొస్తే పక్కకి తిప్పాను, రోడ్డుకి అక్కడొక్కటే వంపు."

టీ కొట్టు భయ్యా భాష తెలియకపోయినా "అచ్ఛా" అన్నాడు. అప్పుడే పక్కసందులోంచి సంఘం కార్యదర్శి రాజేశ్వరమ్మ వచ్చి నిలబడింది. ఆవిడ చెప్పులు తెల్లగా ఉండడం కోటయ్య గమనించాడు.

"రండి అక్కయ్యగారూ, వినండి. దారి పొడవునా ఫ్యాక్టరీలు లేచాయి. పొద్దున మంచం మీద హుక్కా పీల్చుకుంటున్న ముసలాయన మధ్యాహ్నానికి నలభైమందికి ఉద్యోగాలిస్తున్నాడు. రోడ్డు ఆగ్రా దాకా పోయింది, అక్కడి పెళ్ళికొడుకొకడు నోయిడా వచ్చి తాళి కట్టి, వెనక్కెళ్ళి ఆగ్రాలో మొదటి పంక్తికే కూర్చున్నాడు. ఇంకో బస్తా ఉంటేనా, గీత బెజవాడ దాకా లాగేవాణ్ణి. అక్కడ ఇడ్లీ తిని ఇక్కడ ఆఫీసుకొచ్చేవాళ్ళం."

కోపంగా ఉన్న కోటయ్య కూడా ఒక్క క్షణం ఆ ఇడ్లీలు తలుచుకున్నాడు.

"గీత గట్టిదే పెద్దిరాజూ," అంది రాజేశ్వరమ్మ నెమ్మదిగా. "నీ స్కూటర్ కింద కనబడితే పట్టుకుని వెనక్కి నడిచాను. నోయిడా దాకా నా మోకాళ్ళు ఆగుతాయా అని భయపడ్డాను. అంత దూరం పెట్టలేదు నువ్వు. రెండు సందులవతల రాజగోపాల్ ఇంటి మెట్ల దగ్గర మోకాలెత్తు గుట్ట పోసి ఉంది. లోపల పేకాటలోంచి నువ్విప్పుడే లేచి వెళ్ళావన్నారు."

పెద్దిరాజు ఇంకో టీ చెప్పాడు.

కోటయ్య హాల్లోకి వెళ్ళి చీపురు, చాట, జల్లెడ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు.

"ఇంకా గంటుందండీ. రోడ్డు మీరు వేసిందేగా, త్వరగా వచ్చేస్తారు."